పొరుగు తల్లి ఆమేన్ చెప్పగల ప్రార్థన

ధ్యాన భాగములు: మత్తయి 20:20–28; అపొస్తలుల కార్యములు 1:15–26



మన పల్లె సంఘములలో ఒక మంచి అలవాటు ఉన్నది. పరీక్షల కాలము వచ్చినప్పుడు తలిదండ్రులు తమ పిల్లల హాల్‌టిక్కెట్లు తెచ్చి, ఆరాధన ముగిసిన తరువాత బల్లమీద ఉంచుదురు. కాపరి వాటిమీద చేయి ఉంచి ప్రార్థించును. పదవ తరగతి హాల్‌టిక్కెట్లమీద చేయి ఉంచుట నాకెన్నడును కష్టమనిపింపలేదు. ఏలయనగా ఆ పరీక్షలో ఒకడు గట్టెక్కుటకు మరియొకడు తప్పవలసిన పనిలేదు. అందరును గట్టెక్కవచ్చును. అయితే కొన్ని పరీక్షలు అట్టివి కావు. అక్కడ స్థలములు కొన్ని, అడుగువారు అనేకులు. ఒక బిడ్డ లోపలికి వెళ్లినదనగా మరియొక బిడ్డ బయట నిలిచినదని అర్థము. అట్టి పరీక్షకొరకు క్రైస్తవుడు ఎట్లు ప్రార్థింపవలెను? నా బిడ్డకు సీటు ఇమ్మని అడుగుట, పొరుగువాని బిడ్డకు ఇయ్యవద్దని అడుగుటయే కాదా?

ఈ ప్రశ్న నాకు సెమినరీ పాఠములలో ఎదురుకాలేదు. మా యింటి వసారాలో ఎదురైనది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఇద్దరు తల్లులు, ఒకరికి తెలియకుండ ఒకరు, నాయొద్దకు వచ్చిరి. ఒకామె అంగన్‌వాడీ కేంద్రములో ఆయాగా పనిచేయును. రెండవ ఆమె మిరప కోతలకు పోవును. మొదటి ఆమెకు కుమార్తె, రెండవ ఆమెకు కుమారుడు. ఇద్దరు పిల్లలును జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి, ఒకే గదిలో చదువుచుండిరి. ఇద్దరును నవోదయ విద్యాలయములో తొమ్మిదవ తరగతికి దరఖాస్తు పెట్టిరి. మొదటి తల్లి, "అయ్యగారూ, మా పిల్లకి సీటు రావాలని గట్టిగా ప్రార్థన చేయండి" అనెను. చేసితిని. చేసి, "దిగులుపడకమ్మా, దేవుడు తప్పక ఇస్తాడు" అని చెప్పి పంపితిని. మరునాడు రెండవ తల్లి వచ్చెను. ఆమె కుమారునికొరకును ప్రార్థించి, అదే మాట చెప్పి పంపితిని.

వేసవిలో ఫలితములు వచ్చెను. బాలికకు సీటు వచ్చినది, బాలునికి రాలేదు. ఆ ఆదివారము బాలిక తల్లి కృతజ్ఞతార్పణ తెచ్చి, సంఘము ముందు నిలిచి, దేవుడు తన ప్రార్థన ఆలకించెనని కన్నీళ్లతో సాక్ష్యమిచ్చెను. రెండవ తల్లి స్త్రీల వైపున చాపమీద కూర్చుండి తల వంచుకొని వినెను. ఆ తరువాత మూడు ఆదివారములు ఆమె గుడికి రాలేదు. నేను వెళ్లి పలుకరించితిని. ఆమె నాతో ఇట్లనెను: "ఆవిడ పిల్ల కోసం చేసిన ప్రార్థన దేవుడు విన్నాడంట. మరి నా పిల్లోడి కోసం చేసింది ఎందుకు వినలేదు అయ్యగారూ? రెండూ చేసింది మీరే గదా?"

ఆ దినమున నాకు జవాబు తోచలేదు. ఇటువంటి ప్రశ్న తక్కిన సంఘములలోను ఉండునని తలంచి, అప్పటినుండి నాకు తోచిన దానిని ఇక్కడ వ్రాయుచున్నాను.

ఆ బడి యెట్టిది?

మొదట విషయము తెలిసికొందము. తెలివిగల పల్లెటూరి పిల్లలకు, వారి తలిదండ్రుల పేదరికము అడ్డురాకుండ, మంచి వసతి బడులు పెట్టవలెనను తలంపు మన తెలుగు నేలకు క్రొత్త కాదు. శ్రీ పి.వి. నరసింహారావుగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలములో, 1971లో, నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామములో ప్రభుత్వ గురుకుల పాఠశాల ఆరంభమైనది. ఆయనయే 1985లో కేంద్రములో మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి అయిన తరువాత నవోదయ విద్యాలయములు వెలసెను. 1985–86లో హర్యానాలోని ఝజ్జరులోను, మహారాష్ట్రలోని అమరావతిలోను మొదటి రెండు బడులు ప్రయోగముగా తెరువబడెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము వాటిని జిల్లా కొకటిగా విస్తరింప జేసెను.

ఆరవ తరగతిలో ఒక్కొక్క విద్యాలయమునకు ఎనుబదిమంది వరకు పిల్లలు ప్రవేశ పరీక్ష ద్వారా చేర్చుకొనబడుదురు. వాటిలో కనీసము నూటికి డెబ్బదియైదు స్థలములు గ్రామీణ ప్రాంతపు పిల్లలవి. మూడింట ఒక వంతు బాలికలవి. ఆ పరీక్షను ఒక బిడ్డ ఒక్కసారియే వ్రాయవచ్చును. అప్పుడు తప్పినవారికి, లేక అప్పుడు సంగతి తెలియనివారికి, తొమ్మిదవ తరగతిలో రెండవ ద్వార మొకటి కలదు. అయితే అది మిక్కిలి ఇరుకైన ద్వారము. అక్కడ క్రొత్తగా ఇచ్చు స్థలములు లేవు. చేరిన పిల్లలలో ఎవరైన మధ్యలో వెళ్లిపోయినయెడల, ఆ ఖాళీలు మాత్రమే నింపబడును. ఒక్కొక్క బడిలో అవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్నియే యుండవచ్చును. దరఖాస్తు పెట్టు బిడ్డ అదే జిల్లాలో నివసించుచు, అదే జిల్లాలో ఎనిమిదవ తరగతి చదువుచుండవలెను. పరీక్ష రెండున్నర గంటలు, నూరు మార్కులు: గణితమునకు ముప్పదియైదు, విజ్ఞానశాస్త్రమునకు ముప్పదియైదు, ఇంగ్లీషుకు పదునైదు, హిందీకి పదునైదు. మన పల్లె పిల్లలు సాధారణముగా ఆ హిందీ దగ్గర తడబడుదురు.

ఆ యిద్దరు తల్లులు తట్టిన ద్వారము ఇదియే.

అడుగుట తప్పా?

"ఈ పోటీలు లోకసంబంధమైనవి, విశ్వాసి పిల్లలు ఉన్నచోటనే తృప్తిగా ఉండవలెను" అని చెప్పు సహోదరులు కొందరు కలరు. వారి భక్తిని నేను తప్పుపట్టను. గాని ఒక సంగతి మరువరాదు. మన తాతలలో అనేకులు బడి అరుగు ఎక్కుటకు కూడ అనుమతి లేక వీధిలో నిలిచినవారు. మిషను బోర్డింగులు వారిని లోపలికి పిలిచి, పలక చేతికిచ్చి, అన్నము పెట్టి చదివించెను గనుకనే నేడు నేను ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. తెరువబడిన ద్వారము ముందు నిలిచి వెనుకకు మరలుట వినయము కాదు.

మరియు సువార్తను చూడుడి. జెబెదయి కుమారుల తల్లి ప్రభువునొద్దకు వచ్చి మ్రొక్కి, తన యిద్దరు కుమారులకు రెండు స్థలములు అడిగెను. కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి. సీట్లకొరకు కాపరి యొద్దకు వచ్చు తల్లులందరికిని ఈమె పెద్దక్క! ప్రభువు ఆమెను గద్దించెనా? లేదు. నీకేమి కావలెనని ఆమెను అడిగెను. ఆమె కోరిక వినెను. తరువాత మూడు పనులు చేసెను. వాటిని నేను పూర్వము అనేకసార్లు ప్రసంగించితిని గాని, ఆ తల్లి ప్రశ్న విన్న తరువాతనే సరిగా చూచితిని.

మొదటిది, ఏమి అడుగుచున్నారో మీకు తెలియదని చెప్పెను. రెండవది, తల్లిని విడిచి కుమారులవైపు తిరిగి, తాను త్రాగబోవు గిన్నెలోనిది మీరు త్రాగగలరా అని అడిగెను. అడిగినది తల్లియే గాని, గిన్నె త్రాగవలసినవారు కుమారులు. మన విషయములోను అంతే. పదుమూడేండ్ల బిడ్డ అమ్మ చేతి ముద్ద విడిచి, తెలియని పిల్లల నడుమ, ఇనుప మంచముమీద పండుకొనవలెను. పండుగ దినమున కూడ సెలవు దొరకకపోవచ్చును. అంతవరకు తరగతిలో మొదటిదై యున్న బిడ్డ అక్కడ ముప్పదవదిగా నిలువవలసి రావచ్చును. ఆ గిన్నె సంగతి బిడ్డకు చెప్పితిమా? నీకిది ఇష్టమేనా అని అడిగితిమా? ఆ బాలికకొరకు నేను ఎన్నో ప్రార్థనలు చేసితిని గాని, ఆమెను కూర్చుండబెట్టి ఆ ప్రశ్న ఒక్కసారియైన అడుగలేదు.

హన్నా తన చిన్నవాడైన సమూయేలును షిలోహులో విడిచి వచ్చెను. అయినను ఏటేట చిన్న అంగీ ఒకటి కుట్టి తీసికొని వెళ్లెనని వ్రాయబడియున్నది (1 సమూయేలు 2:19). బిడ్డ కంటి ముందు లేడు. ఏటేట కొలత మారుచుండును. ఆ తల్లి తన మనస్సులోనే కొలత తీసికొని కుట్టవలెను. బిడ్డను దూరపు బడికి పంపు తల్లులకు ఆ అంగీ సంగతి బాగుగా తెలియును.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. ఆ స్థలములు ఇచ్చెదనని ప్రభువు ఆ తల్లికి మాట ఇయ్యలేదు. తండ్రి ఎవరికొరకు వాటిని సిద్ధపరచెనో వారికే అవి దొరకునని చెప్పి ఊరకుండెను. ప్రియులారా, దేవుని కుమారుడు తన కుడి ఎడమల నున్న స్థలములనుగూర్చి ఇయ్యని వాగ్దానమును, నేను ఒక బడిలోని సీటునుగూర్చి ఇద్దరు తల్లులకు ఇచ్చితిని. నా మాట విశ్వాసమువలె వినబడెను గాని అది విశ్వాసము కాదు. ఎదుట నిలిచిన తల్లి కంటనీరు తుడుచుటకు నేను తీసికొనిన దగ్గరి దారి అది. తుదకు ఆ దారి ఖర్చు ఆమెయే చెల్లించినది.

ఖాళీయైన స్థలము

రెండవ ధ్యాన భాగము చూతము. యూదా పోయెను. పండ్రెండుగురిలో ఒక స్థలము ఖాళీ యయ్యెను. ఇంచుమించు నూట ఇరువదిమంది కూడియుండగా పేతురు నిలువబడి, ఆ స్థలమునకు ఒకని ఏర్పరచవలెనని చెప్పెను.

నవోదయలోని తొమ్మిదవ తరగతి ఖాళీకిని ఒక చరిత్ర ఉండును. అక్కడ నుండి వెళ్లిన బిడ్డ యూదా వంటిదని చెప్పుట కాదు, దేవుడు క్షమించును గాక. ఆ బిడ్డ ఇంటిమీద బెంగతో వెళ్లియుండవచ్చును. జబ్బుపడి వెళ్లియుండవచ్చును. తండ్రికి వేరే ఊరు బదిలీ యైయుండవచ్చును. ఏది యైనను, మనము ఆశించు స్థలము మరియొక బిడ్డ పెట్టె సర్దుకొని విడిచిన స్థలము. "ప్రభువా, ఖాళీలు ఎక్కువగా ఉండనిమ్ము" అని ఒక తండ్రి ప్రార్థించుట నేను వింటిని. ఆయన చెడ్డవాడు కాడు. తాను ఏమి అడుగుచున్నాడో ఆలోచింపలేదు, అంతే. ఆ మంచముమీద అంతకుముందు పండుకొనిన బిడ్డకొరకు కూడ ఒక్క మాట ప్రార్థించి, ఆ తరువాత మన బిడ్డకొరకు ప్రార్థించుట న్యాయము.

ఒకే గదిలో చేసిన ప్రార్థన

ఆ స్థలమునకు ఇద్దరు నిలువబెట్టబడిరి: యూస్తు అను మారుపేరుగల బర్సబ్బా అనబడిన యోసేపు, మత్తీయ. యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువుతో సంచరించినవారిలోనుండియే ఏర్పరచవలెనని పేతురు షరతు పెట్టెను గనుక, ఆ యిద్దరును అందుకు తగినవారే. ఒకడు యోగ్యుడు, ఒకడు అయోగ్యుడు అను మాట అక్కడ లేదు.

అప్పుడు వారు ప్రార్థించిరి. ఎట్లు ప్రార్థించిరి? యోసేపు స్నేహితులు ఒక మూలను, మత్తీయ స్నేహితులు ఒక మూలను చేరి వేరువేరుగా ప్రార్థింపలేదు. అందరును ఒక్కచోట నుండి, అందరి హృదయముల నెరిగిన ప్రభువును, ఈ యిద్దరిలో ఎవనిని నీవు ఏర్పరచుకొంటివో కనుపరచుమని అడిగిరి. ఆ ప్రార్థనకు యోసేపు ఆమేన్ చెప్పగలడు, మత్తీయయు చెప్పగలడు. ఫలితము ఎటు వచ్చినను, ఆ ప్రార్థన చేసినవారిలో ఎవరికిని "దేవుడు నా ప్రార్థన వినలేదు" అని చెప్పవలసిన పనిలేదు.

నేను చేసినది దీనికి సరిగా వ్యతిరేకము. ఆ తల్లుల నిద్దరిని వేరువేరు దినములలో, వేరువేరుగా దేవుని ముందు నిలువబెట్టితిని. ఒకామె ప్రార్థనకు రెండవ ఆమె ఆమేన్ చెప్పలేని విధముగా ప్రార్థించితిని. వారిద్దరు ఆదివారము ఒకే చాపమీద కూర్చుండువారు, ఒకే రొట్టెలో పాలుపొందువారు. ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో "నా" అను మాట లేదు, అంతయు "మా" అనియే యుండును. ఆ సంగతి పిల్లలకు నేర్పితిని గాని నేను నేర్చుకొనలేదు.

కాబట్టి నాకు తోచిన కొలబద్ద ఇది: నా ప్రార్థనకు నా పొరుగు తల్లి ఆమేన్ చెప్పగలదా? "నా బిడ్డకు సీటు ఇమ్ము" అను దానికి, తన బిడ్డయు అదే పరీక్ష వ్రాయుచుండగా, ఆమె చెప్పలేదు. "నా బిడ్డ చదివినది జ్ఞాపకము రానిమ్ము, భయము తీసివేయుము, నిజాయితీగా వ్రాయనిమ్ము, సీటు వచ్చినను రాకున్నను వానిని విడువకుము" అను దానికి నిండు మనస్సుతో చెప్పగలదు. తల్లి తన ఆశను దేవునికి చెప్పుకొనరాదని నా భావము కాదు. ఆయన తండ్రి, ఆశలన్నియు ఆయనకు చెప్పవచ్చును. గాని ఆశ చెప్పుకొనుట వేరు, హక్కుగా అడుగుట వేరు.

దరఖాస్తులోని సత్యము

ఈ కొలబద్ద ప్రార్థనకు మాత్రమే గాక దరఖాస్తు కాగితమునకును సరిపోవును. పల్లె పిల్లలకొరకు స్థలములు ప్రత్యేకింపబడుటవలన ఒక శోధన పుట్టినది. బిడ్డ పేరు పల్లెటూరి బడి రిజిస్టరులో ఉండును. బిడ్డ మాత్రము పట్టణములో కోచింగు సెంటరులో ఉండును. హాజరు కాగితముమీద నడచును. తరువాత ధ్రువపత్రము పుట్టును. "అందరూ చేస్తున్నారు అయ్యగారూ, మనం ఒక్కళ్లమే మానితే మన పిల్లలే నష్టపోతారు" అని చెప్పువారు మన బల్లలలోను ఉన్నారు. వారి భయము నాకు అర్థమగుచున్నది. గాని ఆ కాగితమును బల్లమీద పెట్టి దానిమీద చేయి ఉంచుమని నన్ను అడిగినప్పుడు, నేను ఏమని ప్రార్థింపవలెను? నిజముగా ఆ పల్లె బడిలోనే, ఫ్యాను లేని గదిలో చదివిన బిడ్డ తల్లి ఆ ప్రార్థనకు ఆమేన్ చెప్పగలదా? దొంగత్రాసు యెహోవాకు హేయమని జ్ఞాని చెప్పెను (సామెతలు 11:1). త్రాసులో తూచునది మిరపకాయలైనను, మార్కులైనను, త్రాసు త్రాసే. పైగా ఆ బిడ్డ ఆ గేటు లోపల మొదట నేర్చుకొను పాఠము, తన తండ్రి అబద్ధముతో తనను లోపలికి పంపెనను పాఠము. దానిని ఏ ఉపాధ్యాయుడు తుడిచివేయగలడు?

సీటు రానివాడు

చీట్లు వేసిరి. చీటి మత్తీయ పేరట వచ్చెను. యోసేపు సంగతి ఏమైనది? అతడు అలిగి వెళ్లెనని గాని, ఏడ్చెనని గాని లేఖనము చెప్పదు. అతని పేరు మరల మనకు కనబడదు. అయ్యో పాపమని అనుకొందుము. గాని నిదానించి చదువుడి: ఆ స్థలము దొరికిన మత్తీయ పేరును మరల కనబడదు! సీటు దొరికినవాని పేరు, దొరకనివాని పేరు, రెండును ఆ అధ్యాయముతోనే ముగిసెను. రెండవ అధ్యాయములో పెంతెకొస్తు దినమున అందరును ఒకచోట కూడియుండగా, ఆత్మ వారిలో ప్రతివానిమీదను దిగెను. పండ్రెండవ స్థలము ఒక్కనికే దొరికెను గాని, ఆత్మకు ఖాళీల లెక్క లేకపోయెను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. అపొస్తలులు వేసినది చీటి. మన పిల్లలు వ్రాయునది పరీక్ష. ఈ రెండును ఒకటి కావు. పరీక్ష ఫలితమును దేవుని తీర్పుగా మనము ప్రకటింపరాదు. ఒక బిడ్డకు ఇంట బల్ల, దీపము, ప్రక్కన కూర్చుండి చెప్పు అక్క ఉన్నారు. మరియొక బిడ్డ సెలవు దినములలో తల్లితో చేలోనికి పోయి కోత కోసి వచ్చి, రాత్రి నిద్రతో తూగుచు చదివెను. నూరు ప్రశ్నల కాగితము ఆ రెండున్నర గంటలలో వారు ఏమి వ్రాసిరో చెప్పును గాని, వారెవరో చెప్పదు. "దేవుడు నా బిడ్డను ఎన్నుకొనెను" అని సాక్ష్యమిచ్చునప్పుడు, ప్రక్కన కూర్చున్న తల్లి చెవికి "నీ బిడ్డను త్రోసివేసెను" అని వినబడును. మన యిండ్లలోని లేమిని, మన బడులలోని కొరతను దేవుని చిత్తముమీద మోపుట ఆయనను అవమానపరచుటయే. కృతజ్ఞత చెప్పవలసినదే. గాని "దేవుడు నా బిడ్డకు తోడుగా నుండెను, ఈ సీటు ఇప్పుడు మామీద ఒక బాధ్యత, ప్రార్థించుడి" అని చెప్పినయెడల, అందరును ఆ సాక్ష్యమునకు స్తోత్రము చెప్పగలరు.

సీటు వచ్చిన బిడ్డకును ఒక మాట. జెబెదయి కుమారులమీద తక్కిన పదిమంది కోపపడినప్పుడు, మీలో గొప్పవాడై యుండగోరువాడు పరిచారకుడై యుండవలెనని ప్రభువు బోధించెను. మంచి బడిలోని స్థలము ఎక్కి కూర్చుండుటకు గాక, దిగివచ్చి వడ్డించుటకు ఇయ్యబడినది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నీ పాత తరగతి పిల్లలకు నీవు నేర్చుకొనిన లెక్క చెప్పుము. నీవు ఎక్కిన మెట్టు వారికి అడ్డుగోడ కారాదు.

సంఘము చేయవలసినది

మంచి ప్రార్థన కనుగొంటిమని చేతులు ముడుచుకొనుట చాలదు. తొమ్మిదవ తరగతి సీటు అడిగిన పిల్లలలో అధికులకు అది రాదు. వారు జూన్ నెలలో మరల ఆ పాత బడికే వెళ్లుదురు. వారికి మనమేమి చేయుచున్నాము? గుడి వారమునకు ఆరు రాత్రులు తాళముతో ఉండును. అందులో దీపములు కలవు, ఫ్యాన్లు కలవు, చాపలు కలవు. సాయంకాలము రెండు గంటలు తెరచినయెడల, ఇంట వెలుతురు లేని బిడ్డ అక్కడ చదువుకొనును. సంఘములో డిగ్రీ చదివిన యువకులు ఉన్నారు. హిందీ తెలిసిన సహోదరి ఉండవచ్చును. ఒక బిడ్డ కొనిన పుస్తకమును నలుగురు చదువవచ్చును. పోటీపడు పిల్లలే ఒకరికొకరు పాఠము చెప్పుకొందురుగాక. అందువలన నా బిడ్డ మార్కు తగ్గునేమో అని భయపడు తల్లి, ప్రతివాడును ఇతరుల కార్యములనుకూడ చూడవలెనని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన మాట (ఫిలిప్పీ 2:4) జ్ఞాపకము చేసికొనవలెను.

ఇప్పుడు ఆ తల్లి మాట చెప్పి ముగించెదను. నేను మరల ఆమె యింటికి వెళ్లితిని. "అమ్మా, దేవుడు సీటు ఇస్తాడని నీకు చెప్పడం నా తప్పు. ఆయన ఆ మాట ఇయ్యలేదు, నేను ఇచ్చాను. ఆయన నీ పిల్లవాడిని కాదనలేదు" అని చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండెను. తరువాత, "అది ముందే చెప్పాల్సింది అయ్యగారూ. నా పిల్లోడు దేవుడికి కూడా అక్కర్లేదేమో అనుకొని ఎన్ని రాత్రులు ఏడ్చాడో మీకు తెలియదు" అనెను. నేను తల వంచుకొంటిని. లోపల కూర్చుండి లెక్క చేయుచున్న ఆ బాలుని యొద్దకు వెళ్లి, వానికిని అదే మాట చెప్పి, క్షమింపుమని అడిగితిని. వాడు లేచి నిలువబడెను గాని ఏమియు అనలేదు. మరుసటి ఆదివారము తల్లి వచ్చెను. బాలుడు అటుతరువాత కొన్ని వారములకు వచ్చెను.

కాపరులైన నా సహోదరులారా, ప్రార్థన చేయుమని వచ్చినవారికి మనము ఊరకే చెప్పి పంపు మాట, ఒక బిడ్డ రాత్రివేళ దుప్పటి క్రింద మోయునని మరువకుడి.

అప్పటినుండి మా సంఘములో అట్టి పరీక్షకు పోవు పిల్లల నందరిని, వారి తల్లులను ఒకేసారి ముందుకు పిలిచి, హాల్‌టిక్కెట్లు ఒకదానిమీద ఒకటి పెట్టి, ఒక్కటే ప్రార్థన చేయుచున్నాము. మీ సంఘములలోను ఉపయోగపడునేమో అని దానిని ఇక్కడ వ్రాయుచున్నాను:

తండ్రీ, ఈ పిల్లలందరును నీవారు. స్థలములు కొన్నియే యని మాకు తెలియును, నీ ప్రేమకు ఆ లెక్క లేదనియు తెలియును. వీరు చదివినది వీరికి జ్ఞాపకము చేయుము. భయమును తీసివేయుము. మేము ఇచ్చిన కాగితములలో అబద్ధము లేకుండ మమ్మును కాపాడుము. మాకంటె ముందు ఆ స్థలములలో నుండి వెళ్లిపోయిన పిల్లలను, వారు ఎక్కడ ఉన్నను, దీవించుము. సీటు వచ్చిన బిడ్డకు గర్వము రానీయకుము. రాని బిడ్డను ఒంటరిగా విడువకుము, మమ్మును విడువనీయకుము. మాలో ఎవరి సంతోషమును మరియొకరికి గాయము కానీయకుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.